చేవ్రాలు

మా నాన్న రాసిచ్చిన చెక్కు వెనక్కొచ్చింది. అకౌంట్లో డబ్బులున్నాయి. సంతకమే సరిపోలేదట.

ఊళ్ళో మా ఇంటి ప్రహరీ గోడ కట్టిన మేస్త్రీకి, ఇక్కడికి బయల్దేరే ముందు రోజు రాసిచ్చిన చెక్కు అది. అమ్మా నాన్నా న్యూజెర్సీలో మా ఇంటికొచ్చి వారం కూడా కాలేదు. రాత్రి పదింటికి మేస్త్రీ ఫోను. "మాస్టారూ, ఏమీ అనుకోమాకండి. బ్యాంకోళ్ళు ఇది మీ సంతకం కాదంటన్నారు." ఆ మేస్త్రీ కూడా ఒకప్పుడు నాన్న దగ్గర ఓనమాలు దిద్దినవాడే. నాన్న ఫోను బల్ల మీద పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాది కాకపోతే మరెవరిదట?" అన్నారు, మేస్త్రీని కాదు, ఎవర్నో.

ఈ నెల నైరూప్య చిత్రాల్లో గీత గురించీ, దాని వెనక చేతి కదలిక గురించీ రాస్తానని కిందటిసారి మాటిచ్చాను. రాస్తున్నది దాని గురించే. కాకపోతే దారి కొంచెం చుట్టు.

నాన్నకి పార్కిన్సన్స్ అని తెలిసి రెండేళ్ళయింది. చెయ్యి వణకడం వల్లే సంతకం మారిపోయిందని అందరూ అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆయన విషయంలో అది నిజం కాదు. ఒళ్ళో పెట్టుకున్నప్పుడు వణికే చెయ్యి, పెన్ను పట్టుకోగానే చాలావరకూ సర్దుకుంటుంది. కానీ అక్షరాలు చిన్నవైపోతాయి. మొదటి అక్షరం మామూలుగానే మొదలై, పోను పోను కుంచించుకుపోయి, చివరికొచ్చేసరికి చీమల బారు. తను చిన్నగా రాస్తున్నానని రాసే మనిషికి తెలియను కూడా తెలియదు. డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడల్లా కాగితమిచ్చి నత్తగుల్లలాంటి చుట్టు ఒకటి గీయమంటారు. ఆ చుట్టు వంకర్లను బట్టీ, వరసల మధ్య సందును బట్టీ చెయ్యి ఎలా ఉందో వాళ్ళు చదువుకుంటారు.

నాన్న సంతకం మా ఇంట్లో అందరికీ బొమ్మలా గుర్తు. ఇంటిపేరుతో సహా తెలుగులో పూర్తి పేరు, కింద ఎడమ నుంచి కుడికి ఒక గీత, గీత కింద రెండు చుక్కలు. ఆ చుక్కలెందుకని చిన్నప్పుడు అడిగితే, "అయిపోయిందని చెప్పడానికి" అన్నారు. ముప్ఫై ఆరేళ్ళు ఒకటో తరగతికీ రెండో తరగతికీ పాఠాలు చెప్పారాయన. అది కాక కొన్నేళ్ళు రాత్రిబడి కూడా నడిపారు. పొలం పనుల నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి లాంతరు వెలుగులో పేరు రాయడం నేర్పేవారు. ఏడాది తిరిగేసరికి కనీసం పేరైనా రాయగలగాలి, సొసైటీ ఆఫీసులో వేలిముద్ర వెయ్యకూడదు, అదీ లక్ష్యం. మొదటిసారి సంతకం పెట్టి వచ్చిన ఒకావిడ మా ఇంటికి గంప నిండా గుమ్మడికాయలు తెచ్చిన సంగతి అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అలాంటి మనిషికి అదే బ్యాంకు నుంచి ఫోన్లో వచ్చిన సలహా ఏమిటంటే, "పెద్దవారు కదండీ, ఇక మీదట వేలిముద్ర వేసెయ్యండి, గొడవుండదు."

ఆ వారాంతం ఇంట్లో కూర్చుంటే బాగుండదని ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. సినిమాలో రాకీ పరిగెత్తిన మెట్లున్నదే. మేము మెట్లెక్కలేదు, వీల్‌చైర్ తీసుకుని వేరే ద్వారంలోంచి వెళ్ళాం. నేను చూపించాలనుకున్నది సై ట్వాంబ్లీ 'ఫిఫ్టీ డేస్ ఎట్ ఇలియం'. 1977-78లో ఇటలీలో ఉండగా వేసిన పది పెద్ద కాన్వాసులు. హోమర్ ఇలియడ్ ఇతివృత్తం. ట్రాయ్ నగరం పేరు 'ఇలియం' అని రాయాల్సిన చోట, అకిలీజ్ పేరులోని 'ఎ' వచ్చేలా స్పెల్లింగ్ కావాలనే మార్చాడు.

ఈ బొమ్మల్లో బొమ్మలుండవు. తెల్లటి కాన్వాసు, నూనె రంగు, క్రేయాన్, పెన్సిలు. ఎర్రటి పులుములు, కొట్టేసిన గీతలు, గొలుసుకట్టుగా రాసీ రాయని పేర్లు. కొన్నింటిలో పేర్లు తప్ప దాదాపు ఇంకేమీ ఉండదు. నాన్నకి కథ చెప్పాను. భారతం మీద పట్టున్న మనిషికి ట్రాయ్ యుద్ధం ఎంతసేపు? పేర్ల పట్టికలున్న కాన్వాసుల ముందు, "ఉద్యోగపర్వంలో భీష్ముడు రథికుల్నీ అతిరథుల్నీ లెక్కపెట్టినట్టుందే" అన్నారు. నేను సంతోషపడేలోపే, "రాత మాత్రం ఒకటో తరగతి పిల్లాడికన్నా అన్యాయం" అని కూడా అన్నారు.

ఈ మాట ట్వాంబ్లీ బతికున్నంతకాలం విన్నదే. మా పిల్లాడూ వెయ్యగలడు, అని. మామూలుగా నేను దీనికి వాదన తయారుగా పెట్టుకుంటాను. ఆ రోజు పెట్టుకోలేదు, పెట్టుకోకపోవడమే మంచిదైంది. ఎందుకంటే నాన్న అక్కడితో ఆగలేదు. 'అకిలీజ్ ప్రతీకారం' అనే కాన్వాసు దగ్గర, పదడుగుల ఎత్తున ఈటెమొనలా లేచిన 'ఎ' ఆకారం ముందు, వీల్‌చైర్ ఇంకాస్త దగ్గరికి జరపమన్నారు. గార్డు మా వంక చూశాడు. నాన్న వేలు గాల్లో కదిలిస్తూ చదవడం మొదలుపెట్టారు. "కింద నుంచి పైకి లాగాడు. ఇక్కడ చెయ్యి ఆగింది. మళ్ళీ అదే దారిలో వచ్చాడు, ఈసారి అదిమి. ఇక్కడ విసుగొచ్చి గీకాడు. ఇది నిలబడి గీసింది కాదు, ఒళ్ళంతా ఊగింది."

నేను ఇరవై ఏళ్ళుగా ఈ చిత్రాల గురించి పుస్తకాలు చదువుతున్నాను. ఒక మనిషి గీతని అంత తిన్నగా చదవడం ఎప్పుడూ చూడలేదు. తర్వాత కారులో అడిగితే ఆయనకి అదేమంత విశేషంగా అనిపించలేదు. పలక చూస్తే చాలట, పిల్లాడు 'అ' ఏ చివర నుంచి మొదలుపెట్టాడో, ఇంటి దగ్గర తల్లి చెయ్యి పట్టుకుని దిద్దించిన అక్షరమో వాడే రాసుకున్నదో తెలిసిపోతుందట. "దిద్దించిన అక్షరానికి బలపం పొడి ఒకేలా రాలుతుంది. రెండు చేతుల బలం కదా."

గీతలోంచి చేతిని చదవడమంటే ఇదే. అమెరికాలో యాభైల నాటి చిత్రకారుల గురించి విమర్శకులు చెప్పిన మాటల్లో సగం దీని చుట్టూ తిరిగినవే. 1952 డిసెంబరులో హెరాల్డ్ రోజెన్‌బర్గ్ ఆర్ట్‌న్యూస్ పత్రికలో ఒక వ్యాసం రాసి 'యాక్షన్ పెయింటింగ్' అనే పేరు స్థిరం చేశాడు. కాన్వాసు ఇక బొమ్మ వేసే చోటు కాదు, ఒక పని జరిగే రంగస్థలం, మనం చూసేది ఆ జరిగిన పనిని అని స్థూలంగా ఆయన వాదన. దానికి ముందే పొలాక్ నేల మీద కాన్వాసు పరిచి రంగు చిలకరిస్తుండగా హాన్స్ నమూత్ తీసిన ఫొటోలు వచ్చి ఉన్నాయి కాబట్టి జనానికి ఆ మాట వెంటనే ఎక్కింది. చిత్రకారుడంటే పూనకం వచ్చినవాడు, గీత అంటే లోపల్నుంచి తన్నుకొచ్చిన ఆవేశం. ఈ అభిప్రాయం ఇప్పటికీ పోలేదు. నాకు మొదటి నుంచీ దీని మీద అనుమానమే.

ఫ్రాంజ్ క్లైన్‌ని చూడండి. పెన్సిల్వేనియాలో బొగ్గు గనుల ఊరు విల్క్స్-బారీలో 1910లో పుట్టాడు. ఇళ్ళకి రంగులేసే వెడల్పాటి బ్రష్షులతో నల్లటి దూలాల్లాంటి గీతలు. న్యూయార్క్ మోమాలో ఉన్న 'చీఫ్' (1950) ముందు నిలబడితే రైలింజను మీదికి వచ్చినట్టే ఉంటుంది. ఆ పేరు ఒక ఇంజనుదే. రెండు నిమిషాల్లో విసిరి కొట్టాడనిపిస్తుంది. అసలు సంగతి, ఆయన ముందు టెలిఫోన్ డైరెక్టరీ కాగితాల మీద చిన్న చిన్న స్కెచ్‌లు వేసుకుని, వాటిలో నచ్చినదాన్ని చూస్తూ పెద్ద కాన్వాసు మీద వేసేవాడు. తెలుపు కూడా ఖాళీగా వదిలేసింది కాదు, నలుపు మీదకి వచ్చి దాన్ని కోస్తూ వేసిన రంగు. దగ్గరికెళ్తే అంచులు ఎన్నిసార్లు దిద్దాడో కనపడుతుంది. వేగం అనేది బొమ్మలో ఉంది, వేసిన పద్ధతిలో లేదు. 1965లో రాయ్ లిక్టెన్‌స్టైన్ ఒక బ్రష్షు గీతని కామిక్ పుస్తకం బొమ్మలా, చుక్కలు పెట్టి, జాగ్రత్తగా నల్ల అంచు గీసి మరీ వేశాడు. అంత ఆవేశాన్ని అంత ఓపిగ్గా. ఎక్కిరింతే, కానీ తగిన ఎక్కిరింత.

ట్వాంబ్లీ సంగతి ఇంకా తమాషా. 1953లో సైన్యంలో చేరితే సంకేతలిపి విభాగంలో వేశారు. ఆ రోజుల్లో రాత్రిళ్ళు దీపం ఆర్పేసి చీకట్లో బొమ్మలు వేసేవాడు. కంటి అదుపు నుంచి చేతిని తప్పించడానికి, నేర్చుకున్న నేర్పుని వదిలించుకోవడానికి. తర్వాత అరవైల చివర్లో వచ్చినవి, అందరూ 'బ్లాక్‌బోర్డ్' చిత్రాలనేవి. బూడిద రంగు నేల మీద తెల్ల క్రేయాన్‌తో సున్నా మీద సున్నా గొలుసులా, వరస కింద వరస. అమెరికా బళ్ళలో చేతిరాత కుదరడానికి పిల్లల చేత చుట్టించిన చుట్లే అవి. పెద్ద కాన్వాసు కోసం ఒక స్నేహితుడి భుజాల మీదెక్కి కూర్చుని, అతను అటూ ఇటూ నడుస్తుంటే గీశాడని చెబుతారు. వాటిలో ఒకటి 2015లో వేలంలో 7 కోట్ల డాలర్లు దాటింది. ఈ అంకె నాన్నకి చెప్పాను. ఒకటో తరగతి పలకలన్నీ దాచుకుని ఉండాల్సిందన్నారు.

(మన వైపు నుంచి ఒక మాట. రాతని చదవడానికి కాకుండా చూడ్డానికి వాడుకున్నవాళ్ళు మనకీ ఉన్నారు. మద్రాసు ఆర్ట్ స్కూలు ప్రిన్సిపాలుగా చేసి, 1966లో చోళమండలం కళాకారుల గ్రామం పెట్టిన కె.సి.ఎస్. పణిక్కర్ 'వర్డ్స్ అండ్ సింబల్స్' చిత్రాల్లో లిపిలా కనిపించేది చదవబోతే ఏ భాషా కాదు. గుడివాడలో పుట్టి, ఆయన దగ్గర చదివి, లండన్ మీదుగా చికాగో చేరిన ఎస్.వి. రామారావు నైరూప్య చిత్రాల గురించి ఇంకోసారి విడిగా రాస్తాను.)

ఇంటికొచ్చాక నాన్న రెండు పుస్తకాలు చూస్తూ కూర్చున్నారు. ఒకటి నస్రీన్ మొహమ్మదీది. 1937లో కరాచీలో పుట్టిన నస్రీన్ 1972 నుంచి చివరి వరకూ బరోడాలో పాఠాలు చెప్పింది. తన బొమ్మలకి పేర్లూ తేదీలూ పెట్టలేదు. 2016లో న్యూయార్క్‌లో మెట్ బ్రాయర్ తెరిచినప్పుడు మొదటి ప్రదర్శనల్లో ఒకటి ఆమెదే, అప్పుడు చూశాను. ఇంజనీర్లు వాడే పరికరాలతో గీసిన సన్నటి గీతలు, వెంట్రుకంత ఎడంలో, ఒకదాన్నొకటి తాకకుండా. చివరి ఏళ్ళలో ఆమెకి నరాల జబ్బు. అవయవాలు చెప్పిన మాట వినడం మానేశాయి. 1990లో, యాభై మూడేళ్ళకే పోయింది. ఆ జబ్బుతోనే అంత నిక్కచ్చి గీతలు గీసిందని తెలిశాక, ఆవేశమే గీత అనే వాదన నాకు మరీ పలచగా అనిపించింది. ఆవిడ చేతికి పట్టుబట్టి నేర్పుకున్నదే ఆ నిశ్చలత. నాన్న ఆ పేజీ దగ్గర చాలాసేపున్నారు. ఏమీ అనలేదు.

రెండోది డి కూనింగ్. నెదర్లాండ్స్ రాటర్‌డామ్‌లో పుట్టి, 1926లో దొంగచాటుగా ఓడెక్కి అమెరికా వచ్చి, మొదట మా పక్కనే ఉన్న హోబోకెన్‌లో ఇళ్ళకి రంగులేసుకుని బతికాడు. వచ్చిన వలసకూలీలందరిలాగే. గీత తిప్పడంలో ఆయనంత చెయ్యి అమెరికాలో మరొకరికి లేదని అప్పట్లోనే ఒప్పుకున్నారు. 1980లలో ఆయనకి మతిమరుపు జబ్బు ముదిరింది. ఆ పదేళ్ళలోనే మూడొందలకి పైగా కాన్వాసులు వేశాడు. తెల్లటి నేల మీద ఎరుపూ నీలం రిబ్బన్లు మెలికలు తిరుగుతున్నట్టుంటాయి. మొదలుపెట్టడం కష్టమైపోయాక, ఆయన పాత డ్రాయింగులనే అసిస్టెంట్లు కొత్త కాన్వాసు మీదకి దించి పెట్టేవారు. వాటి మీద ఆయన వేసేవాడు. 1989లో కోర్టు ఆయన వ్యవహారాలని కూతురి చేతికీ లాయరు చేతికీ అప్పగించింది. అంటే తన డబ్బుకి తను చెక్కు రాసుకునే అధికారం పోయింది. ఆ తర్వాత కూడా, 1990 దాకా, బొమ్మలు వేశాడు.

ఈ చివరి బొమ్మలు ఆయనవేనా అని పెద్ద చర్చ నడిచింది. 1997లో మోమా వాటినే ప్రత్యేకంగా ప్రదర్శనకి పెట్టింది. ఆ ప్రదర్శన జరుగుతుండగానే మార్చిలో డి కూనింగ్ పోయాడు. నేను వాటిలో కొన్నింటిని 2011లో, మోమాలోనే, ఆయన జీవితం మొత్తాన్ని చూపిన ప్రదర్శన చివరి గదిలో చూశాను. నిజం చెప్పాలంటే అన్నీ గొప్పవి కావు. దశాబ్దం మొదట్లోవి గాలి ఆడుతున్నట్టు హాయిగా ఉంటాయి. చివరివాటిలో కొన్నింటి ముందు నాకు ఇబ్బందిగా అనిపించింది, ఎవరి గదిలోకో చెప్పకుండా తొంగి చూసినట్టు. ఏది చేతి నేర్పు, ఏది జబ్బు, ఏది అసిస్టెంటు దించిన గీత? విడదీసి చెప్పగలవాళ్ళెవరు?

ఇదంతా నాన్నకి చెప్పాను. కావాలనే చెప్పాను, ఏమంటారో చూద్దామని. అసిస్టెంట్లు గీత దించి పెట్టడం దగ్గర ఆయనకి ఏ ఇబ్బందీ కనపడలేదు.

"దిద్దించడమేగా," అన్నారు.

"మరి ఆ గీత ఆయనదెలా అవుతుంది నాన్నా?"

"పలక మీద నేను రాసిచ్చిన 'అ' మీద మేస్త్రీ పదిసార్లు దిద్దాడు. పదకొండోసారి వాడే రాశాడు. ఇప్పుడు వాడు రాసే 'అ' నాదా? వాడిదా?" కాసేపాగి, "ఈయనకి తన గీత తనే దిద్దుకునే గతి పట్టింది, అంతే తేడా" అన్నారు. ఆ మాటన్నాక పుస్తకం మూసేసి, మా అబ్బాయి పాత నోటుబుక్కు ఏదైనా ఉంటే ఇమ్మన్నారు.

ఇక్కడి థెరపిస్టు చెప్పిన చిట్కా ఉంది. వెడల్పాటి రూళ్ళున్న కాగితం మీద, పై రూలు తాకేలా, అతిగా అనిపించేంత పెద్దగా రాయమంది. తనకి అతి అనిపించేదే చూసేవాళ్ళకి మామూలు రాత. అప్పటి నుంచీ రోజూ పొద్దున కాఫీ తాగి, మా అబ్బాయి ఒకటో తరగతి రూళ్ళ పుస్తకంలో, పేజీకి ఆరు సంతకాల చొప్పున రాశారు నాన్న. ఎదురుగా పెట్టుకోవడానికి 1998 నాటి పాసుపుస్తకం పేజీ ఫొటో ఒకటి మా తమ్ముడి చేత తెప్పించుకున్నారు, అందులో ఆయన సంతకముంది. చూస్తే నాకు కడుపులో దేవింది. డెబ్బై ఆరేళ్ళ మాస్టారు తన పేరు తనే చూసిరాత రాసుకుంటున్నారు.

ఆ పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. సాయంత్రాలు తిరగేస్తుంటాను. బాగా కుదిరిన సంతకాలకన్నా కుదరనివే నన్ను ఎక్కువసేపు ఆపుతాయి. ఒక చోట పేరు మధ్యలో పెన్ను లేచి, వెతుక్కుని, పక్క రూలులో దిగింది. ఇంకో చోట కింది గీత మొదలైనంత బలంగా సాగక తోకలా పైకి లేచిపోయింది. కాఫీ మరక మీదుగా వెళ్ళిన చోట సిరా పాకింది. ట్వాంబ్లీ ముందు నాన్న చదివినట్టు, ఏ రోజు మందు టైముకి పడిందో, ఏ రోజు ఆలస్యమైందో నేనూ చదవగలుగుతున్నాను. ఇవి చూసే మనిషిని బట్టి కళా అవుతాయి, రోగలక్షణాలూ అవుతాయి. బ్యాంకుకి మాత్రం ఒక్కటే ప్రశ్న. కార్డు మీదున్నదాంతో కలిసిందా, లేదా? దాని తప్పేమీ లేదు, దాని పని అదే. ఒక మనిషి ముప్ఫై ఏళ్ళపాటు ఒకే గీతని గీస్తాడనే నమ్మకం మీద నడిచే పద్ధతి అది.

అక్టోబరులో తిరిగెళ్ళాక తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నాన్న బ్యాంకుకి వెళ్ళారు. మేస్త్రీ డబ్బులు తమ్ముడు ఎప్పుడో ఫోన్లోంచి పంపేశాడు, కాబట్టి అవసరమంటూ ఏమీ లేదు. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే ఇంకు ప్యాడ్ ముందుకు జరిపిందట. నాన్న అది వెనక్కి జరిపి కొత్త కార్డు అడిగారట. మూడు గళ్ళలో మూడు సంతకాలు పెట్టడానికి పావుగంట పట్టిందనీ, వెనక లైను పెరిగిందనీ, ఎవరూ ఏమీ అనలేదనీ తమ్ముడు చెప్పాడు. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. వీటిలో దేన్ని స్కాన్ చెయ్యమంటారు సార్ అని ఆ అమ్మాయి అడిగితే, మొదటిది చెయ్యమ్మా, తర్వాతవి అలసిపోయి పెట్టినవి అన్నారట.

ఇప్పుడు చెక్కు రాయాల్సొస్తే, ఆ కార్డు ఫొటో పక్కన పెట్టుకుని పొద్దున మందు వేసుకున్న గంటకి రాస్తున్నారు. మొన్న ఫోన్లో అడిగాను, కలుస్తోందా అని. పేరు ఒక్కోరోజు కలుస్తుంది, ఒక్కోరోజు కలవదు, కింద రెండు చుక్కలు మాత్రం ఎప్పుడూ సరిగ్గానే పడుతున్నాయన్నారు.